లెక్క కలవనప్పుడు ముందు ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రజల ఆరోగ్యం, మానవ హక్కుల కోసం ప్రజాసంఘాలూ స్వచ్ఛంద సంస్థలూ ఎలా పనిచేస్తాయి, ఎక్కడ గెలుస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది నా అంశం. ఫ్యాక్టరీల పక్కనున్న కొన్ని ఊళ్లలోనూ, పాడేరు ఏజెన్సీలోనూ తిరుగుతున్నాను. ఒక సంస్థవాళ్లు వెంటబెట్టుకుని తీసుకెళ్లబట్టే జనం నాతో మాట్లాడారు. ఇప్పుడు చిక్కొచ్చింది. ఒక ఊళ్లో పొగ వల్ల జబ్బుపడ్డవాళ్లు ఇంతమంది అని ఆ సంస్థ కరపత్రం వేసింది, కలెక్టర్ గారికి అర్జీ కూడా ఇచ్చింది. నేను ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్క అందులో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. ఇది రాస్తే కంపెనీవాళ్లకి నేనే సాయం చేసినట్టవుతుంది. రాయకపోతే నా థీసిస్‌లో నేనే అబద్ధం పెట్టినట్టవుతుంది. మా గైడ్ గారేమో ‘నువ్వు కార్యకర్తవా, పరిశోధకురాలివా? ముందది తేల్చుకో’ అంటున్నారు. వీటన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. ఆ ఊళ్లో ఒక పెద్దావిడ, ‘ఇలాగే శానామంది వచ్చి రాసుకెల్లారమ్మా. మాకేటొచ్చింది?’ అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక వచ్చేశాను. ఏం చెయ్యమంటారు?

— ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా,

లెక్క తక్కువ వచ్చినందుకు మీరేదో తప్పు చేసినట్టు బాధపడుతున్నారు. బాధపడకండి. ఇంటింటికీ తిరిగి, తలుపు తీసినవాళ్లనీ తీయనివాళ్లనీ కూడా రాసుకున్న మనిషి చేతిలో ఉన్న లెక్క ఆ ఊరికి చాలా అవసరం. ప్రభుత్వం చేయాల్సిన పని అది. మీరు చేశారు.

ఆ నోట్‌బుక్ తీసుకుని ఈ వారంలోనే సంస్థవాళ్ల దగ్గరికి వెళ్లండి. సెమినార్లో పేపర్ చదివేముందే, గైడ్ గారికి చాప్టర్ ఇచ్చేముందే వాళ్లకి చెప్పండి. రాయడమా, దాచడమా అని రెండే దారులు మీకు కనిపిస్తున్నాయి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్క ఇంటి పేరూ చూసుకుంటూ వాళ్లతో ఒక పూట కూర్చోవడం ఇంకా జరగలేదు. అది జరగకుండా ఏ లెక్క సరైనదో మీకూ తెలియదు, వాళ్లకీ తెలియదు. థీసిస్ బయటికొచ్చాక ఎవరో చెబితే వాళ్లకి తెలిసే పరిస్థితి మాత్రం రానివ్వకండి. వాళ్లు మిమ్మల్ని గడపలు ఎక్కించారు కాబట్టి, ఈ మాట ముందుగా వినే హక్కు వాళ్లకుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన రాష్ట్రం చూసిన ఒక సంఘటన. మీ థీసిస్‌లో అది ఇప్పటికే ఉండి ఉంటుంది. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో సహా మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ, దళిత పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. 2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థకు చెందినవాళ్లు భద్రాచలం వెళ్లి నిజనిర్ధారణ చేశారు. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టు ఆపేసింది.

అప్పుడు రెండు ఆరోపణలు వినబడ్డాయి. టీకా వల్లే పిల్లలు పోయారన్నది ఒకటి. అమ్మానాన్నలకి చెప్పకుండానే టీకా వేశారన్నది ఇంకొకటి. కేంద్రం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదంది. రెండో ఆరోపణ మాత్రం నిలబడింది. నిలబెట్టింది కాగితాలు. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు, 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టడానికి ఆధారమైనవి ఇలాంటి కాగితాలే.

ఇంకో సంగతి కూడా మీరు రాయాలి. చాలామంది రాయరు. నిరూపణ కాని ఆరోపణే జనం నోళ్లలో ఎక్కువ తిరిగింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా హెచ్‌పీవీ టీకా మన జాతీయ టీకాల జాబితాలోకి రాలేదు. దీనికి ధర ఒక కారణం, ప్రభుత్వాల ప్రాధాన్యాలు ఇంకో కారణం. మొత్తం తప్పు సంఘాల మీద వేయడం అన్యాయం. అయినా భయం కూడా ఒక కారణమని నేననుకుంటాను. ఈలోగా ఆ క్యాన్సర్‌తో పోయిన పేద ఆడవాళ్లు ఎవరి ధర్నాలోనూ లేరు. పిల్లల సమ్మతి కోసం కొట్లాడినవాళ్లు చేసింది చాలా మంచి పని. ఆ పనిలోనే ఏది కాగితం మీద నిలుస్తుంది, ఏది నిలవదు అని వేరుచేసి చూసే మనిషి ఒకరు ఉండాల్సింది. మీ ఊళ్లో ఇప్పుడు ఆ మనిషి మీరే అనుకోండి.

ఇక మీ రెండు లెక్కలు ఎందుకు కలవలేదో మీరు రాయలేదు. నేను చూసినంతలో ఇలాంటి తేడాలు మోసం వల్ల వచ్చేవి తక్కువ. సంస్థవాళ్లు వైద్య శిబిరం పెట్టి ఆ రిజిస్టర్ లెక్క తీసుకున్నారా? అయితే ఒకే మనిషి మూడుసార్లు చూపించుకుంటే మూడు పేర్లు అవుతాయి. పొగ వచ్చిన రోజు కళ్లు మండినవాళ్లూ, ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం వస్తున్నవాళ్లూ ఇద్దరూ వాళ్ల కరపత్రంలో ‘జబ్బుపడ్డవాళ్లే’ అయ్యుండొచ్చు. మీరు రెండోవాళ్లనే లెక్కపెట్టి ఉంటారు. అప్పుడు రెండు లెక్కలూ నిజమే, ప్రశ్నలు వేరు.

మీ లెక్కే తక్కువగా పడిందేమో కూడా చూసుకోండి. ఫ్యాక్టరీల పక్క ఊళ్లలో అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఒడిశా నుంచి, బీహార్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలు. పొగ వచ్చిన వారానికే సగం మంది గదులు ఖాళీ చేసి వెళ్లిపోతారు. మీరు వెళ్లేసరికి వాళ్లు లేరు. పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో, పిల్లకి ఆయాసం ఉందని బయటివాళ్లకి చెప్పరు. కొడుకు అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేస్తుంటే ‘మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారమ్మా’ అంటారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మీ కళ్లలోకి చూసిందా, వీధి వైపు చూసిందా అన్నది మీ నోట్స్‌లో రాసి ఉంటే ఆ ఇంటికి ఇంకోసారి వెళ్లండి. ఈసారి సంస్థవాళ్లు లేకుండా, రోడ్డు మీద మోటార్ సైకిల్ ఆపకుండా, మధ్యాహ్నం మగవాళ్లు డ్యూటీలో ఉన్నప్పుడు వెళ్లండి.

మనుషుల మాటకి తోడు కాగితాలు వెతకండి. ఊపిరితిత్తుల జబ్బుతో మనవాళ్లు ముందు వెళ్లేది వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన దగ్గర రిజిస్టర్ ఉండదు. తగ్గకపోతే పీహెచ్‌సీ, ఆ తర్వాత పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి, విమ్స్, కేజీహెచ్. ఈ దారిలో ప్రతిచోటా ఒక ఓపీ చీటీ పుడుతుంది. ఆ చీటీ మీద తేదీ ఉంటుంది. ఆ తేదీ మీ పరిశోధనలో అన్నిటికంటే విలువైనది. పీహెచ్‌సీకి ఏడాదివారీగా ఎంతమంది ఆయాసంతో వచ్చారు, ఏ ఊళ్ల నుంచి వచ్చారు అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. సంఖ్యలే అడగండి. పేర్లు అడిగితే వ్యక్తిగత వివరాలంటూ మొత్తం దరఖాస్తునే తిప్పికొడతారు, నిజానికి రోగుల పేర్లు మీకు అక్కర్లేదు కూడా. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వెయ్యండి. రాని జవాబు కూడా మీ థీసిస్‌కి సమాచారమే.

కాగితం బలం ఎంతటిదో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం వేసిన కేసు చూస్తే తెలుస్తుంది. 1992 జూలైలో ఒక కూలీ రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, మంచాలు లేవనీ పరికరాలు లేవనీ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో డబ్బు పోసి బతికాడు. ఏ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాడు, వాళ్లేం రాసి పంపారు అన్నది సంఘం కోర్టు ముందు పెట్టింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేననీ, డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోలేదనీ సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఆ మనిషికి ఇప్పించిన పరిహారం 25 వేల రూపాయలు. ఒక్క మనిషి కేసు అది. వందల మంది అని చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

అందుకే కంపెనీవాళ్లకి సాయం చేసినట్టవుతుందన్న మీ భయాన్ని కొంచెం పక్కన పెట్టమంటున్నాను. మీ లెక్క సగమే అయినా, ఆ సగం మంది మనుషులే కదా. వాళ్లకి ఊపిరి ఆడటం లేదన్నది నిజం. ఇంతమంది జబ్బుపడితేనే ప్రభుత్వం కదలాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. సంస్థ చెప్పిన పెద్ద అంకెని కంపెనీ లాయరు ఒక్క రోజులో పడగొట్టగలిగితే, దాంతోపాటు నిజంగా జబ్బుపడ్డవాళ్లు కూడా అబద్ధాలాడినవాళ్లయిపోతారు. మీరు ఆపగలిగింది ఆ ప్రమాదాన్నే. సంస్థవాళ్లతో కూర్చున్నప్పుడు ఇదే మాట ఇలాగే చెప్పండి.

గైడ్ గారి ప్రశ్న విషయానికొస్తే, కొట్టిపారేయకండి. రేపు వైవాలో బయటి పరీక్షకులు కూడా అదే అడుగుతారు. కానీ ఆయన పెట్టిన రెండు గదుల్లో ఏదో ఒకదాంట్లోకి వెళ్లి తలుపేసుకోవాల్సిన పని లేదు. ఆరోగ్యం, మానవ హక్కులు అన్న చదువే ఆ రెండు పనులూ చేసినవాళ్ల చేతుల్లో పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఎయిడ్స్ కార్యక్రమాన్ని నడిపిన జొనాథన్ మాన్, వెలివేతకు గురైనవాళ్ల హక్కులు కాపాడకుండా ఆ జబ్బుని ఆపలేమని అక్కడి అనుభవంతో గ్రహించాడు. తర్వాత హార్వర్డ్‌కి వెళ్లి 1994లో ఈ అంశానికే ఒక పత్రిక మొదలుపెట్టాడు. దక్షిణాఫ్రికాలో తల్లి నుంచి బిడ్డకి హెచ్‌ఐవీ సోకకుండా నెవిరపిన్ మందు ఇవ్వాలని ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ కేసు వేసి 2002లో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచింది. వీధిలో నినాదాలిచ్చినవాళ్లకి వైద్యులూ ఆర్థికవేత్తలూ ఇచ్చిన ప్రమాణ పత్రాలు తోడయ్యాయి.

మీరు చేయాల్సిందల్లా పద్ధతుల అధ్యాయంలో ఉన్నదున్నట్టు రాయడం. ఏ సంస్థ ద్వారా ఊళ్లోకి వెళ్లారు, వాళ్లు ఏ వీధులకి తీసుకెళ్లారు, ఏ వీధికి తీసుకెళ్లలేదు, వాళ్లతో భోజనం చేశారా, వాళ్ల సభలో మాట్లాడారా. ఆ సంస్థ సభ్యుల చందాలతో నడుస్తుందా, నిధులతో నడుస్తుందా అన్నది కూడా రాయాలి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకి ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలు చాలావరకు పెద్ద సంస్థల ద్వారా వచ్చే డబ్బు మీదే బతికేవి. ఒక సంస్థ ఉన్నట్టుండి ఆరోగ్య హక్కుల మాట మానేసి కుట్టు మిషన్ల శిక్షణ పెట్టుకుంటే, ధైర్యం పోయిందని రాసేముందు ఖాతా పుస్తకం చూడండి.

మీ అంశం ‘ఎక్కడ ఆగిపోతాయి’ అని కదా. దానికి నా సలహా, ఒకే ఒక్క అర్జీ పట్టుకుని దాని వెంట పడండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీ ఏ బల్ల మీదికి వెళ్తుంది? పొగ అంటే కాలుష్య నియంత్రణ మండలికి పంపుతారు. ప్రహరీ లోపలి ప్రమాదం అంటే ఫ్యాక్టరీల శాఖ. జబ్బు అంటే జిల్లా వైద్యాధికారి. ముగ్గురూ ‘మా పరిధిలోది కాదు’ అని రాసి పంపితే, ముగ్గురూ చట్టప్రకారం నిజమే చెప్పి ఉండొచ్చు, అర్జీ మాత్రం పరిష్కారమైనట్టు నమోదవుతుంది. దీనికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు విశాఖ కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ ఇప్పుడు ఏ బీరువాలో ఉందో కనుక్కోండి. జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర జరిగే ధర్నాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అర్జీ దారి గురించి రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

ఏజెన్సీ సంగతికి వేరే కొలత కావాలి. ఆరోగ్య హక్కు గురించి ఐక్యరాజ్యసమితి సంఘం 2000లో ఇచ్చిన 14వ సాధారణ వ్యాఖ్య నాలుగు ప్రశ్నలు వేస్తుంది: వైద్యం ఉందా, అందుతుందా, ఆ జనం పద్ధతులకి తగినట్టు ఉందా, నాణ్యంగా ఉందా. ఆ వ్యాఖ్యకి ఆధారమైన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో మనదేశం 1979లోనే చేరింది. గర్భిణిని డోలీ కట్టి కొండ దింపితే తప్ప 108 దగ్గరికి చేరలేని గూడెంలో, అంబులెన్స్ ఉందన్న జవాబు మొదటి ప్రశ్నకే సరిపోతుంది. రెండో ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతారు, ఫొటో కూడా డోలీదే వేస్తారు. మూడో ప్రశ్న ఎవరూ అడగరు. కొండ దిగొచ్చిన మనిషితో ఆమె భాషలో మాట్లాడేవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారా? మీరు కూడా ఆమెతో ఎవరి నోటి ద్వారా మాట్లాడారో చూసుకోండి. భద్రాచలం హాస్టల్ పిల్లల బదులు వార్డెన్ సంతకం పెట్టిన సంగతి మీకు తెలుసు. ఊరి పెద్ద ‘మా వాళ్లందరూ ఒప్పుకున్నారు, రాసుకోండి’ అంటే దాన్ని సమ్మతిగా తీసుకోకండి. కాగితం చదివి వినిపించండి. నోటిమాటగా ఒప్పుకున్నా చాలు, కానీ ఆ మాట ఆ మనిషిదే అయ్యుండాలి. వద్దనడానికి కూడా ఆమెకి వీలుండాలి.

పెద్దావిడ ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. ఆవిడకి నిజం చెప్పండి. మీ పరిశోధన వల్ల పరిహారం రాదు, ఫ్యాక్టరీ మూతపడదు, ఆవిడ మనవడికి ఉద్యోగం రాదు. ఇది ముందే చెప్పకపోవడం వల్లే ఆవిడ అంతమందిని చూసి విసిగిపోయింది. చెప్పాక, మీ చేతనైనది చెయ్యండి. అది చిన్నదేమీ కాదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఏం జరిగిందో మన ఊరికి చెప్పక్కర్లేదు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. అధికారిక లెక్కలో 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న ట్యాంకులో వేడి పెరుగుతున్నా పైభాగంలో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు లేదనీ, సైరన్ మోగలేదనీ రాష్ట్రం వేసిన ఉన్నతస్థాయి సంఘం చెప్పింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు జమచేయమంది. ఇవన్నీ రికార్డుకెక్కాయి. కష్టమైన ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. ఏడాదికో రెండేళ్లకో ఒక మనిషికి జబ్బు ముదిరితే అది ఆ రాత్రి వల్లనేనా? స్టైరీన్ ఒంట్లోకి వెళ్లాక విడిపోయి మూత్రంలో బయటికి పోతుంది. కొన్ని రోజులు దాటితే పరీక్షకి దొరకదు. ఇక మిగిలే సాక్ష్యం, ఆ మనిషి అంతకుముందు ఎలా ఉండేవాడు, ఆ తర్వాత ఎప్పుడెప్పుడు ఎక్కడ చూపించుకున్నాడు అన్నదే.

భోపాల్‌లో ఇదే జరిగింది. 1984 డిసెంబరు గ్యాస్ ప్రమాదం తర్వాత బాధితులపై ఐసీఎంఆర్ దీర్ఘకాల అధ్యయనాలు మొదలుపెట్టి 1994లో ఆపేసింది. జబ్బులు ఆగలేదు. మరణాల లెక్క మొదట రెండు వేల పైచిలుకు అన్నారు, తర్వాత 3,787 అన్నారు, పరిహారం ఇచ్చేటప్పటికి అది ఇంకా పెరిగింది. ఆ పెరుగుదల వెనక ఏళ్లతరబడి ఆసుపత్రి కాగితాలు దాచుకుని కార్యాలయాల చుట్టూ తిరిగిన బస్తీ ఆడవాళ్లున్నారు. 2012లో సుప్రీంకోర్టు బాధితుల వైద్య రికార్డుల గురించి ఉత్తర్వులిచ్చిందంటే, ఆ కేసు నడిపిన వాళ్లలో గ్యాస్ బాధిత మహిళల సంఘం ఉంది.

కాబట్టి ఆ ఊళ్లో మీరు చేయగలిగింది, ఇంటింటికీ ఒక కాగితాల కవరు. ల్యాబ్ రిపోర్టులూ మందుల బిల్లులూ ఈ మధ్య వేడికి అచ్చయ్యే కాగితం మీద ఇస్తున్నారు, రెండు వేసవులు గడిస్తే అక్షరాలు మాయమవుతాయి. ఫోన్‌తో ఫొటో తీసి, జిరాక్స్ చేయించి ఇవ్వండి. మనిషి పేరు, వయసు, ఎప్పటి నుంచి బాధ, ఎక్కడ చూపించారు అని తెలుగులో ఒక పేజీ రాసి అందులో పెట్టండి. ఒక కాపీ వాళ్ల దగ్గరే ఉండాలి. మీ థీసిస్ ఇంగ్లీషులో ఉంటుంది, అల్మారాలోకి వెళ్తుంది. ఆ కవరు ఆ ఇంట్లో సూరు కింద ఉంటుంది, పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. మీ మొత్తం ఫలితం ఏమిటో కూడా సమర్పించేముందే ఊళ్లో చదివి వినిపించండి. రామాలయం అరుగు మీదైతే కొన్ని కులాలవాళ్లు రారు, అంగన్‌వాడీ దగ్గర పెట్టుకోండి. తప్పులు వాళ్లే చెబుతారు.

పేర్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పేరు మార్చినంత మాత్రాన చాలదు. ‘ఊళ్లో ఇద్దరు ఆశా కార్యకర్తల్లో ఒకరు’ అని రాస్తే ఎవరో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. ఏఎన్‌ఎంలూ, కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్లూ మిమ్మల్ని నమ్మి చెప్పింది వాళ్ల జీతం మీదికి వస్తుంది. వాళ్ల మాటల్ని ఊరితో, హోదాతో ముడిపెట్టకుండా రాయండి. అలా రాయడం కుదరకపోతే ఆ మాట ఎంత గొప్పదైనా వదిలేయండి. రికార్డింగులు ఫోన్‌లో పెట్టుకుని తిరగకండి. ఎథిక్స్ కమిటీకి ఏం రాసిచ్చారో ఒకసారి తీసి చదువుకోండి, అందులో రాసిందే చెయ్యండి.

ఇంతా చేశాక సంస్థవాళ్లు కోపగించుకుంటే? కోపగించుకోవచ్చు. ఏళ్లుగా కేసులు పెట్టించుకుని, సొంత డబ్బు పెట్టుకుని తిరిగినవాళ్లకి, నిన్న వచ్చిన పిల్ల లెక్క తప్పు అంటే బాధగానే ఉంటుంది. ఆ బాధకి కొంత టైమివ్వండి. ఒకసారి కాదంటే మళ్లీ వెళ్లండి. అప్పటికీ ఒప్పుకోకపోతే థీసిస్‌లో రెండు లెక్కలూ వేయండి. ఏది ఎలా తీశారో రాసి, వాళ్ల వివరణ వాళ్ల మాటల్లోనే పెట్టండి. అర్జీ అందుకున్న ఏ శాఖ కూడా సొంతంగా లెక్క తీయలేదన్నది నిజమైతే, అది కూడా ఆ పేజీలోనే ఉండాలి. కంపెనీ లాయరు ఆ పేజీ తెరిస్తే ఆ వాక్యం కూడా చదవాల్సి వస్తుంది.

వాళ్లు ఒప్పుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఇద్దరూ కలిసి చూసుకున్న జాబితాని, పాత అర్జీ నంబరు వేసి, సవరణగా రాసి వచ్చే సోమవారమే కలెక్టరేట్‌లో ఇప్పించండి. సంతకాలు ఊరివాళ్లవీ సంస్థవాళ్లవీ ఉండనివ్వండి, మీది వద్దు. ఎన్ని పేర్లు తీసేశారు, ఎందుకు తీసేశారు, కొత్తగా ఎవరు చేరారు అన్నది అందులోనే ఉండాలి. రసీదు మీద తేదీ, స్టాంపు పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోమనండి.